మెట్ల మీద వరహాలప్ప

ఉద్యోగం చేసినన్నాళ్ళూ నాకంటూ ఒక తరగతి గది లేదు. ఖరగ్‌పూర్ ఊళ్ళోనూ చుట్టుపక్కలా వికలాంగులైన పిల్లలు ఏ బళ్ళో చేరితే ఆ బడికి వెళ్ళడమే నా పని. ఒక రోజు ఖరిదాలో చూపు లేని పిల్లవాడు, మర్నాడు ఝపటాపూర్‌లో చెవులు వినిపించని అక్కాచెల్లెళ్ళు, ఆ మర్నాడు ఇంకెవరో. స్పెషల్ ఎడ్యుకేటర్లంటారు మమ్మల్ని. ఇప్పుడీ పనిలోకి కొత్తగా వస్తున్న అమ్మాయిలు కొందరు నన్ను వెతుక్కుంటూ నిమ్‌పురాలో మా ఇంటికి వస్తున్నారు. శిక్షణలో నేర్పే విషయాలు వాళ్ళకు నాకంటే బాగా తెలుసు. అందుకని పాఠాలు చెప్పను. గౌరి అనే పిల్ల గురించి, వరహాలప్ప గురించి చెబుతాను. విన్నాక కొందరు దిగులుగా లేచి వెళ్ళిపోతారు. దిగులు పడవలసిన సంగతే మరి.

నీళ్ళ సీసా

మా తాత శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి రైల్వే వర్క్‌షాపులో చేరాడు. నాన్న అక్కడే ఫిట్టరు. ఇంట్లో తెలుగు, బళ్ళో బెంగాలీ, బజార్లో హిందీ మాట్లాడుతూ పెరిగాను. ఏ పిల్లతోనైనా మాట్లాడగలను గనక ఈ పని నాకు సులువని అనుకున్నాను. ఆ భ్రమ పోగొట్టినవాడు నా మొదటి ఆఫీసరు ఘోష్‌బాబు.

ఆయన నోరు మంచిది కాదు. మేం కష్టపడి రాసుకెళ్ళిన కాగితాలు చదవకుండానే పక్కన పడేసేవాడు. అయినా నాకు పని నేర్పింది ఆయనే. చేరిన కొత్తలో ఒక రోజు, "బడికి వెళ్ళగానే పిల్ల పుస్తకాలు తీయకు. నీళ్ళ సీసా తీసి చూడు. మధ్యాహ్నం దాటినా నిండుగా ఉంటే ఆ బళ్ళో ఏదో తప్పుంది" అన్నాడు.

"ఏం తప్పు సార్?" అని అడిగాను.

"అది కనుక్కోవడానికే నీకు జీతం."

కనుక్కోవడానికి ఎక్కువ కాలం పట్టలేదు. సొంతంగా బాత్రూముకు వెళ్ళలేని పిల్లలు బడికి వచ్చిన రోజు నీళ్ళు తాగరు. పొద్దున్న ఇంటి దగ్గర కూడా తాగరు. ఎండాకాలం పెదవులు పగిలి, తలనొప్పితో బెంచీ మీద వాలిపోతారు. చదువు మీద శ్రద్ధ లేదని టీచర్లు రాసి పెడతారు.

అతిథిగా వచ్చిన మనిషి

వరహాలప్ప మా పేటలో అందరికీ తెలిసిన మనిషి, అందరికీ అప్ప, అంటే అక్క. రైల్వే తరఫున షాట్‌పుట్ విసిరేది. మేం చిన్నపిల్లలుగా ఉన్నప్పుడు ఆవిడ పతకం గెలుచుకుని స్టేషన్లో దిగితే, వర్క్‌షాపు మనుషులు డప్పులతో ఎదురెళ్ళారు. ఆ ఆటే ఆవిడకు ఉద్యోగం ఇచ్చింది. భుజం దెబ్బతిని ఆట మానేశాక ఆఫీసులో కుర్చీలో కూర్చోబెట్టారు. ఆవిడకు ఆ కుర్చీ ఏ రోజూ సరిపోలేదు. మనిషీ భారీ, మాటా భారీ.

ఒక హైస్కూలు వాళ్ళు ఆటల పోటీలకు ఆవిడను ముఖ్య అతిథిగా పిలిచారు. అది నేను వెళ్ళే బళ్ళలో ఒకటి కావడంతో నేనూ ఉన్నాను. పరుగు పందెం జరుగుతోంది. మా పిల్లలను గోడ నీడన బల్ల మీద వరసగా కూర్చోబెట్టి చేతికి తలో కాగితం జెండా ఇచ్చారు. ఆవిడ వేదిక మీద నుంచి దిగి నేరుగా నా దగ్గరకు వచ్చింది.

"ఏటే సత్యవతీ, ఈ గుంటలు ఏటి సేస్తారు?"

"చప్పట్లు కొడతారప్పా" అన్నాను.

"రోజల్లా?"

ఆవిడ హెడ్‌మాస్టరుగారి కుర్చీతో సహా వేదిక మీది కుర్చీలన్నీ మైదానంలోకి మోయించింది. మా పిల్లలను వాటిలో కూర్చోబెట్టి, క్రికెట్ బంతి ఎవరు దూరం విసురుతారో చూద్దామంది. ఆ పోటీలో గౌరి విసిరిన బంతి షామియానా దాటి హెడ్‌మాస్టరుగారి పాదాల దగ్గర పడింది. ఆయన గబుక్కున పక్కకు గెంతాడు. మైదానం అంతా నవ్వింది. అందరికంటే గట్టిగా నవ్వింది గౌరే.

అప్పటికి ఆ పిల్ల ఆరో తరగతి. పుట్టుకతోనే కాళ్ళు బిగుసుకుపోయాయి. గోడ పట్టుకుని నాలుగు అడుగులు వేయగలదు, అంతే. తండ్రి రైల్వే షెడ్డులో కాంట్రాక్టు కూలీ. తల్లి పోలమ్మ పొద్దున్నే ఇడ్లీలు అమ్ముతుంది. కూతుర్ని సైకిలు వెనక కూర్చోబెట్టుకుని, తోసుకుంటూ బడికి తీసుకొచ్చేది.

ఆ ఆదివారమే వరహాలప్ప మా ఇంటికి వచ్చింది. టీ కూడా తాగకుండా, "నేనేటి సెయ్యాలో సెప్పు" అంది.

"మీకెందుకప్పా ఈ శ్రమ?"

"నేను ఈ సేత్తో ఇనప గుండు ఇసిరినాను గదా. ఆ సేతికి బలం ఎక్కడిదనుకున్నావు? మా ఇంట్ల తినడానికే ఉండేది కాదు. నాకు ఆట నేర్పిన కోచి దాదా రోజూ తన డబ్బాలోంచి గుడ్లు తీసి నాకెట్టీవోడు. ఆయనకి నేను ఏటీ ఇవ్వలేదు. ఆయన పోయినాడు కూడాను. ఇప్పుడు ఎవులికో ఒకలికి ఇవ్వాల గదా."

రెండు చువ్వలు

గౌరిని పెద్ద క్రీడాకారిణిని చేయాలని అప్ప అనుకుంది. నెల తిరక్కుండానే గౌరి ఆ ఆశ తుంచేసింది. "పెద్దమ్మా, బంతి ఆదివారం ఇసురుతాను. మిగిలిన రోజులు నన్ను లెక్కలు సేసుకోనీ" అంది. లెక్కలంటే ఆ పిల్లకు ఆకలిలాంటిది. టీచరు బోర్డు మీద సగం రాసేలోపే జవాబు చెప్పేసేది. అప్ప కాస్త చిన్నబుచ్చుకుని, నవ్వేసి, "సరే, సదువుకే సాయం సేద్దాం" అంది.

అప్పుడు నీళ్ళ సీసా సంగతి చెప్పాను. ఆవిడ లేచి బళ్ళో బాత్రూము చూసి వచ్చింది. గుమ్మం ఎత్తు, లోపల పట్టుకోవడానికి ఏమీ లేదు. వర్క్‌షాపులో వెల్డింగ్ చేసే ఇద్దరు కుర్రాళ్ళను సెలవు రోజున పట్టుకొచ్చి గోడకు రెండు ఇనప చువ్వలు బిగించింది. గుమ్మం ముందు సిమెంటుతో చిన్న వాలు కట్టించింది. హెడ్‌మాస్టరుగారు మంచివాడే, అడ్డు చెప్పలేదు. మర్నాటి నుంచి గౌరి సీసా మధ్యాహ్నానికే ఖాళీ. ఇంకో ఇద్దరు ఆడపిల్లలు కూడా బడికి వరసగా రావడం మొదలుపెట్టారు.

నా ఉద్యోగంలో నిక్కంగా పని జరిగిందని నేను చెప్పుకోగలిగేవి కొన్నే. ఆ రెండు చువ్వలు అందులో ఒకటి. అప్పుడు మేం చేసింది గదిని మార్చడం. దాని తరవాత ఆ సంగతి ఎలా మరిచిపోయామో ఇప్పటికీ నాకు అర్థం కాదు.

పై అంతస్తు

మా బెంగాల్లో కొత్త తరగతులు జనవరిలో మొదలవుతాయి. ఆ జనవరికి గౌరి తొమ్మిదో తరగతికి వచ్చింది. ఆ బళ్ళో తొమ్మిది, పది తరగతులు పై అంతస్తులో. మెట్లు నిటారుగా, ఇరుగ్గా ఉంటాయి.

తరగతిని కిందికి దించమని హెడ్‌మాస్టరుగారిని అడిగాను. "దీదీ, కింద ఆఫీసు, స్టాఫ్ రూము, చిన్న తరగతులు ఉన్నాయి. ఎక్కడికని దించమంటారు?" అన్నాడు. నేను ఇంకేదో అనేలోపు నాతో వచ్చిన వరహాలప్ప అందుకుంది.

"ఏటీ పరవానేదు మాస్టారూ. నేనున్నాను."

మర్నాడు పొద్దున్న ఆఫీసుకు వెళ్ళే ముందు వచ్చి, వంగి గౌరిని వీపు మీద ఎక్కించుకుని మెట్లెక్కింది. సాయంత్రం వచ్చి దించింది. మర్నాడూ అంతే. చూస్తే ఒళ్ళు పులకరించేది. అంతటి మనిషి, అంత పేరు తెచ్చుకున్న మనిషి, ఒక ఇడ్లీలమ్మే ఆవిడ కూతుర్ని మోస్తోంది! ఊళ్ళో అందరూ చెప్పుకున్నారు. ఒక విలేకరి వచ్చి ఫొటో తీశాడు. సరస్వతీ పూజ కమిటీ వాళ్ళు పందిరిలో శాలువా కప్పారు. ఘోష్‌బాబు అప్పటికి రిటైరయ్యాడు. కొత్తగా వచ్చిన ఆఫీసరు ఆ ఫొటో తన గదిలో పెట్టుకుని, వచ్చినవాళ్ళందరికీ చూపించి, "మన ఏరియాలో పని ఇలా జరుగుతుంది" అనేవాడు. ఘోష్‌బాబు ఉంటే ఆ ఫొటో చూసి నన్ను తిట్టేవాడు. ఆ తిట్టే మనిషి అప్పుడు మాకు లేకపోయాడు.

హెడ్‌మాస్టరుగారు మళ్ళీ గది మాట ఎత్తలేదు. ఎందుకెత్తుతాడు? సమస్య రోజూ పొద్దున్నే తనంత తానే మెట్లెక్కి పైకి వెళ్ళిపోతోంది.

చలికాలం వెళ్ళాక ఒక మధ్యాహ్నం నేను పైకి వెళ్ళి అలవాటు కొద్దీ గౌరి సీసా ఎత్తాను. నిండుగా ఉంది.

"నీళ్ళు తాగట్లేదేటే?"

"దాహం లేదు టీచర్."

పై అంతస్తులో బాత్రూము లేదు. పొద్దున్న ఎక్కిన పిల్ల సాయంత్రం దాకా దిగదు. అప్పకు చెబితే ఆవిడ ముఖం చిన్నబోయింది. "అయితే మజ్జాన్నం కూడా వస్తాను" అంది. వచ్చింది కూడా. టిఫిన్ వేళకు ఆఫీసు నుంచి ఆయాసపడుతూ వచ్చి, పిల్లను దించి, మళ్ళీ ఎక్కించి వెళ్ళేది. అప్పటికి ఆవిడకు యాభై దాటాయి. మెట్ల మలుపులో ఆగి, గోడకు చేయి ఆనించి ఊపిరి పీల్చుకునేది. "ఏటి అప్పా, నొప్పా?" అంటే, "పోవే, గుండు దీనికన్నా బరువు" అనేది.

ఆవిడ వీపు మీద గౌరి ముఖం ఎలా ఉండేదో నేను గమనించలేదు. నేనే కాదు, ఆ మెట్ల దగ్గర నిలబడి మురిసిపోయినవాళ్ళెవరూ గమనించలేదు. అందరి కళ్ళూ మోసే మనిషి మీదే.

వాన

వానలు పట్టాయి. మెట్ల మీద తడి. ఒక పొద్దున్న సగం మెట్లెక్కాక అప్ప నడుము పట్టేసింది. పిల్లను వదల్లేదు. అలాగే గోడకు చేరగిలబడి, మెల్లగా మెట్టు మీద కూర్చుండిపోయింది. గౌరికి ఏమీ కాలేదు. అప్ప మాత్రం లేవలేకపోయింది. నలుగురు కలిసి ఆసుపత్రికి తీసుకెళ్ళారు. వెన్నుపూస జరిగిందన్నారు, మంచం దిగొద్దన్నారు.

తరగతి మగపిల్లలు కుర్చీలో కూర్చోబెట్టి మోస్తామని ముందుకొచ్చారు. మంచి పిల్లలే. గౌరి వద్దంది. ఆ మర్నాటి నుంచి బడికి రాలేదు. నేను ఇంటికి వెళ్తే గోడ వైపు తిరిగి పడుకుంది. పోలమ్మ వాకిట్లో పప్పు రుబ్బుతూ, "ఏటి సెప్పమంటారు టీచరమ్మా, ఎన్నిసార్లు అడిగినా నోరిప్పదు. మేం సదువు ఒద్దన్నామా?" అని కళ్ళు తుడుచుకుంది.

కాస్త లేచి నడవగలిగిన రోజునే అప్ప నడుముకు బెల్టు కట్టుకుని, నన్ను వెంటబెట్టుకుని వాళ్ళింటికి వెళ్ళింది. మంచం మీద గౌరి పక్కన కూర్చుంది.

"నాకు బాగయిపోతందే గుంటా. ఇంకొన్ని దినాలు ఓపిక పట్టు. మళ్ళీ నేనే ఎక్కిస్తాను."

గౌరి తల అడ్డంగా ఊపింది.

"ఒద్దు పెద్దమ్మా. నాకు అలాగ ఎక్కడం ఏ రోజూ ఇష్టం నేదు."

అప్ప అర్థం కానట్టు చూసింది. "మరి సెప్పనేదేటే?"

"నువ్వు అంత సంబరంగా వచ్చేదానివి. ఎలాగ సెప్తాను? అందరూ మెట్ల కాడ నిలబడి సూసేవోలు. నా స్కర్టు ఎక్కడికి పోతందో అని పట్టుకునేదాన్ని. పై తరగతి అబ్బాయిలు నవ్వేవోలు. నీ నడుము ఇరిగినాది నా మూలానే అని ఇప్పుడు బజారంతా అంటన్నారు."

"ఎవులన్నారే?"

గౌరి నా వైపు తిరిగింది. "టీచర్, మా తరగతిని కిందకి దించీమని గట్టిగా ఎవులూ అడగనేదేటి?"

ఆ ప్రశ్న నాకు వేసింది. నేను ఒకసారి అడిగాను. రెండోసారి అడగలేదు. అదే చెప్పాను. ఆ పిల్ల తల ఊపింది. కోప్పడలేదు. కోప్పడి ఉంటే బాగుండేది.

అప్పా నేనూ తిరిగి వస్తుంటే లెవెల్ క్రాసింగ్ దగ్గర గేటు పడింది. బండి వెళ్ళిపోయి గేటు లేచినా ఆవిడ కదల్లేదు. "దాన్ని పతకం ఎత్తినట్టు ఎత్తినానే సత్యవతీ. ఊరందరికీ సూపించినాను" అంది. నేను ఆవిడ చేయి పట్టుకుని పట్టాలు దాటించాను. తప్పంతా ఆవిడ నెత్తిన వేసుకుంది. అది న్యాయం కాదు. ఆవిడ తనకున్నది ఇచ్చింది. గది ఇవ్వాల్సినవాళ్ళు వేరే ఉన్నారు, అడగడానికి జీతం తీసుకున్నదాన్ని నేను.

ఒక పూట

మర్నాడు ఇద్దరం హెడ్‌మాస్టరుగారి దగ్గరకు వెళ్ళాం. ఆయన కుర్చీ వేయించి, అప్ప ఆరోగ్యం అడిగి, దుర్గా పూజ సెలవులయ్యాక తప్పకుండా చూస్తానన్నాడు. సెలవులయ్యాయి. పరీక్షలయ్యాక అన్నాడు. పది పరీక్షలకు తొమ్మిదిలోనే పేర్లు బోర్డుకు పంపాలి, ఈలోపు ఆ గడువు దాటింది. హాజరు చాలక గౌరి పేరు వెళ్ళలేదు.

మరుసటి ఏడు ఒక రోజు ఆ బడికి వెళ్ళి చూస్తే, తొమ్మిదో తరగతి కింద ఉంది. స్టాఫ్ రూము పైకి వెళ్ళింది. పిల్లలు బెంచీలు మోసుకుంటూ, అల్లరి చేస్తూ, ఒక్క పూటలో మొత్తం మార్చేశారట. లెక్కల మాస్టారికి మోకాళ్ళ నొప్పులు వచ్చాయి. ఆయన తన తరగతులు కిందికి కావాలని అడిగాడు. ఠీక్ హై అన్నారు.

అప్పకు చెప్పాను. అప్పటికి ఆవిడ కర్ర పట్టుకుని నడుస్తోంది.

"ఒక్క పూటేనా?" అంది.

"ఒక్క పూటే."

ఆవిడ కర్ర తీసుకుని, "పద" అంది. పోలమ్మ ఇంటికి వెళ్ళాం. గౌరి మిషను కుడుతోంది. కాళ్ళతో తొక్కనక్కర్లేకుండా చేత్తో తిప్పే మిషను. గది కిందికి వచ్చిందని, మళ్ళీ చేరవచ్చని చెప్పాం. మిషను ఆపి విన్నది.

"నా తరగతోలు పదికి ఎల్లిపోయినారు గదా. చిన్నోల పక్కన కూకోలేను పెద్దమ్మా. ఒగ్గేయండి."

ప్రైవేటుగా రాయమన్నాం. ఇంటికొచ్చి చెబుతానన్నాను. నవ్వి, సూదిలో దారం ఎక్కించుకుంది. మేం తరవాత కూడా చాలాసార్లు వెళ్ళాం. ప్రతిసారీ టీ ఇచ్చింది, కబుర్లు చెప్పింది. చదువు మాట మాత్రం రానివ్వలేదు.

ఇప్పుడు

వరహాలప్ప రిటైరయింది. నడుము వంగిపోయింది. ఇప్పటికీ బళ్ళకు వెళ్తుంది గాని ఎవరినీ మోయదు, ఎవరినీ మోయనివ్వదు. కొత్త తరగతులు మొదలయ్యే రోజుల్లో హెడ్‌మాస్టర్ల గదుల్లోకి వెళ్ళి కూర్చుంటుంది. "దీదీ, చూద్దాం" అంటే, "సూడండి, నేను కూకుంటాను" అంటుంది. ఆ పూటకు గది మారేదాకా లేవదు. కొన్నిచోట్ల మారాయి. ఒకచోట మెట్ల పక్కన మంచి వాలుదారి వచ్చింది. కొన్నిచోట్ల ఆవిడను చూడగానే హెడ్‌మాస్టరు ఊళ్ళో లేడని చెప్పమంటారు. ఇప్పుడెవరూ శాలువాలు కప్పడం లేదు. గొడవ మనిషని పేరొచ్చింది. పిల్లను మోసినప్పుడు దేవతన్నవాళ్ళే ఆ మాట అంటున్నారు.

కొత్తగా వచ్చే మీకు నేను చెప్పేది ఇంతే. మంచి మనసుతో ఎవరైనా సాయానికి వస్తే దణ్ణం పెట్టండి. ఆ సాయం చూసి బడి తన పని మానేస్తోందేమో కూడా చూడండి. రెండోసారి అడగండి, మూడోసారి అడగండి. విసుక్కుంటారు, విసుక్కోనివ్వండి. అన్నిటికంటే ముందు ఆ పిల్లనే అడగండి, ఎలా ఉంటే బాగుంటుందని. ఆమెకు నోరుంది. మేం అడగలేదు.

మొన్న దసరాకు ముందు బ్లౌజులు కుట్టడానికి ఇద్దామని అప్పా నేనూ ఖరిదాలో గౌరి పెట్టుకున్న కుట్టుపని కొట్టుకు వెళ్ళాం. కొట్టు రోడ్డు మట్టానికే ఉంది. చేతి నిండా పని. జుట్టులో అక్కడక్కడా తెల్ల వెంట్రుకలు. కొలతలు రాసుకుని, గుడ్డ మడత పెడుతూ, మామూలుగా, ఏదో గుర్తొచ్చినట్టు అడిగింది.

"పెద్దమ్మా, మేం వృత్తాల పాఠం సగంలో ఉండగా నేను మానేసినాను. ఆ పాఠం ఎలాగ అయిపోతాది? దాని తరవాత ఏటొస్తాది?"

అప్ప నా ముఖం చూసింది. ఎప్పుడో చదివిన చదువు, నాకూ గుర్తు లేదు. "తెలీదే గౌరీ" అన్నాను.

"ఏం పరవానేదు టీచర్" అంటూ కత్తెర అందుకుంది.